కరెంటు తెగిన చోట నిప్పురవ్వ

గణపవరంలో ఇంటర్ పిల్లలకి విద్యుదయస్కాంత ప్రేరణ చెబుతుంటే ఒక కుర్రాడు లేచాడు. వాళ్లింట్లో తాతగారి కాలంనాటి పెట్రోలు అంబాసిడర్ ఉంది. "మాస్టారూ, కారు బ్యాటరీ రెండు టెర్మినళ్లూ చేతులతో పట్టుకున్నా ఏమీ కాదు. ప్లగ్గు వైరు ముట్టుకుంటే మాత్రం మోచేతిదాకా కొడుతుంది. రెండూ ఒకే కరెంటు కదండీ?" వెనక బెంచీవాడు "మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది" అన్నాడు. మొదటివాడు ఊరుకోలేదు. "ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏసీ కావాలి, బ్యాటరీది డీసీ!"

ఇద్దరూ సగం సగం ఒప్పే. ప్లగ్గు కొసన ఖాళీ 0.6 మిల్లీమీటర్లు ఉంటుంది. బయటి గాలిలో అయితే రవ్వ దాన్ని కాస్త తేలిగ్గానే దాటుతుంది. సిలిండర్లో పిస్టన్ నొక్కిపెట్టిన పెట్రోలు గాలిలో దాటాలంటే పది వేల వోల్టులకి పైమాటే. బ్యాటరీలో ఉన్నవి 12. బానెట్ కింద డబ్బాలా కనబడే ఇగ్నిషన్ కాయిల్ నిజంగానే ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది. ఇనుప కడ్డీ చుట్టూ లావు తీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుకలాంటి తీగ ఇరవై వేల చుట్లు ఉంటాయి. నిష్పత్తి 70 అనుకుంటే 12ని దాంతో గుణించినా 840 వోల్టులే వస్తాయి. పది వేల దరిదాపుల్లోకి కూడా రాలేదు. మిగతావి ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

తాళం తిప్పి ఆన్‌లో పెడితే లావు తీగలో దాదాపు 4 ఆంపియర్లు పారతాయి, కడ్డీ అయస్కాంతమవుతుంది. ఆ స్థితిలో రవ్వ లేదు, షాకూ లేదు. ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే క్యామ్ అనే నాలుగు మూలల దిమ్మె ఒక చిన్న చేతిని తోస్తుంది. దాని కొసనున్న పాయింట్లు విడిపోతాయి, కరెంటు తెగుతుంది, రవ్వ సరిగ్గా అప్పుడు పుడుతుంది. వోల్టేజి అయస్కాంతం ఎంత బలంగా ఉందన్నదాన్ని బట్టి రాదు, ఆ బలం ఎంత వేగంగా మారిందన్నదాన్ని బట్టి వస్తుందని ఫారడే 1831లోనే కనిపెట్టాడు. కాయిల్లో అయస్కాంతం నింపడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, కూలడానికి అందులో వందో వంతు చాలు. చెరువు మోటారు కట్టగానే గొట్టంలో పారుతున్న నీళ్లు ఆగలేక వాల్వు మీద ధబ్బున కొడతాయే, లావు తీగలో కరెంటుదీ అదే పరిస్థితి. 12 వోల్టుల తీగలోనే ఒక్క క్షణం 250, 300 వోల్టులు ఎగుస్తాయి. ఆ 300ని 70తో గుణించుకోండి. మా కుర్రాడి మోచేతి లెక్క సరిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ చిక్కే. పాయింట్లు విడిపోవడం మొదలైన మరుక్షణం వాటి మధ్య దూరం వెంట్రుక మందం కూడా ఉండదు. తెగడానికి ఒప్పుకోని కరెంటు ఆ సందులోంచే దూకి మంటగా వెలుగుతుంది. ప్లగ్గుకి వెళ్లాల్సిన శక్తి అక్కడే కాలిపోతుంది, అయస్కాంతం మెల్లగా కూలుతుంది, ప్లగ్గు దగ్గర రవ్వ రాదు. అందుకని పాయింట్ల పక్కనే చిటికెనవేలంత కండెన్సర్ పెడతారు. దాని సామర్థ్యం 0.2 మైక్రోఫారడ్ ఉంటే చాలు. పాయింట్లు విడిపోతున్న కొన్ని పదుల మైక్రోసెకన్లూ కరెంటుకి అది పక్కదారి చూపిస్తుంది. కరెంటు అందులోకి పోయి నిండేలోపు పాయింట్లు దూకలేనంత దూరం జరుగుతాయి. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, లోపల తిరిగే రోటర్ లాగేసి పాయింట్లు చూస్తే కండెన్సర్ ఆరోగ్యం తెలిసిపోతుంది. బాగుంటే రెండు ముఖాలూ బూడిదరంగులో నున్నగా ఉంటాయి. పాడైతే ఒకదాని మీద గుంట పడుతుంది, ఆ గుంటలోంచి పోయిన లోహమంతా రెండోదాని మీద పొక్కులా పేరుకుంటుంది. అలాంటి పాయింట్లని ఎమరీ పేపరుతో రుద్ది మళ్లీ బిగించడం మెకానిక్కుల అలవాటు. కండెన్సర్ మార్చకుండా రుద్దితే నెల తిరక్కుండా మళ్లీ అదే పొక్కు.

ఈ పక్కదారి ఆలోచన కారు పుట్టకముందుదే. 1836లో నికొలస్ కాలన్ అనే ఐర్లండు ఫాదరీ, భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు, ఇలాంటి కాయిల్ చుట్టాడు. వోల్టేజి కొలిచే మీటర్లు లేని రోజులు కాబట్టి షాకు ఎంత గట్టిగా కొట్టిందో విద్యార్థుల మీదే పరీక్షించేవాడు. ఇప్పుడు నేనలా చేస్తే తల్లిదండ్రులు కాలేజీ గేటు దగ్గరే పట్టుకుంటారు. 1853లో ఫ్రెంచివాడు ఫిజో అలాంటి కాయిల్‌కి కండెన్సర్ కలిపాడు. తర్వాత కార్లు వచ్చాయి. 1888లో బెర్తా బెంజ్, కారు తయారుచేసిన తన భర్తకి చెప్పకుండా దాన్నేసుకుని పుట్టింటికి బయల్దేరినప్పుడు దారిలో ఇగ్నిషన్ తీగ ఒరిసిపోతే మేజోడు కట్టుకునే పట్టీ దాని చుట్టూ చుట్టింది. అప్పటి కాయిల్‌కి మన కాలింగ్ బెల్లు మాదిరి కొట్టుకునే రేకు ఉండేది. ఒక్క రవ్వ కావాల్సిన చోట రవ్వల వాన కురిపించేది, బ్యాటరీని పీల్చేసేది.

ఆ బ్యాటరీ తలనొప్పి చూసే జర్మనీలో బాష్ కంపెనీ మాగ్నెటోని నమ్ముకుంది. శాశ్వత అయస్కాంతం ఉన్న ఆ యంత్రాన్ని ఇంజనే తిప్పుతుంది, దాని కరెంటు అదే పుట్టించుకుంటుంది, బ్యాటరీతో పని లేదు. 1902లో ఆ కంపెనీ ఇంజనీరు గాట్‌లాబ్ హోనాల్డ్ దాన్ని ప్లగ్గుకి సరిపడే వేల వోల్టులకి పెంచాడు. చాలా కార్లు అటే మొగ్గాయి. అమెరికాలో డేటన్ అనే ఊళ్లో చార్లెస్ కెటరింగ్ మాత్రం ఎదురీదాడు. రోజూ ఉద్యోగం అయ్యాక మిత్రుడు ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనక కొట్టంలో ఇద్దరూ కూర్చునేవారు. రవ్వల వాన ఎందుకు, సరైన క్షణంలో ఒకే ఒక్క తెంపు చాలదా అన్నది కెటరింగ్ పట్టు. 1910 మోడల్ క్యాడిలాక్‌లో అది ఎక్కింది.

పోటీలో అందం ఏంటంటే ఒకరి బలం రెండోవారి బలహీనత. మాగ్నెటో ఇంజను పరిగెత్తేకొద్దీ రెచ్చిపోతుంది. కానీ స్టార్ట్ చేసేటప్పుడు ఇంజను కదిలేదే మెల్లగా కాబట్టి రవ్వ రావాల్సిన చోటే నీరసపడుతుంది. కాయిల్‌ది తలకిందులు. ఇంజను ఎంత మెల్లగా తిరిగితే దానికి నిండేందుకు అంత సమయం. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 100 రవ్వలు కావాలి, ఒక్కో రవ్వకి 10 మిల్లీసెకన్లు. అందులో పాయింట్లు మూసుకుని ఉండేది మూడింట రెండు వంతులు, అంటే ఏడు మిల్లీసెకన్లకి లోపే. వేగం రెట్టింపైతే అదీ సగమవుతుంది, కాయిల్ పూర్తిగా నిండకుండానే తెగుతుంది. పేకాటలో అయినా ఇంత సమానమైన ముక్కలు పడవు.

పోటీని తేల్చింది రవ్వ కాదు, సెల్ఫ్ స్టార్టర్. అంతకుముందు ముందు బంపరు దగ్గర హ్యాండిల్ పెట్టి తిప్పేవారు. టైమింగ్ తేడా వస్తే హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు విరిచేది. అందుకే అంబాసిడర్ హ్యాండిల్ కొట్టిన పాతతరం డ్రైవర్లు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకునేవారు. కెటరింగ్ అంతకుముందు దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టర్‌కి మోటారు పెట్టినవాడు. రెండు క్షణాలు మాత్రమే పనిచేసే మోటారుని దాని శక్తికి మించి పిండుకోవచ్చని అక్కడే తెలుసుకున్నాడు. 1912 క్యాడిలాక్‌లో సెల్ఫ్, డైనమో, లైట్లు, ఇగ్నిషన్ ఒకే బ్యాటరీ మీద నడిచాయి. సెల్ఫ్ కోసం కారులో బ్యాటరీ ఎలాగూ ఉండాల్సి వచ్చాక ఖరీదైన మాగ్నెటో ఎవరికి కావాలి?

సెల్ఫ్ కొట్టేటప్పుడు అది వంద ఆంపియర్లకి పైగా లాగితే బ్యాటరీ 9, 10 వోల్టులకి పడిపోతుంది. రవ్వ గట్టిగా కావాల్సిన క్షణంలోనే కాయిల్‌కి తిండి తగ్గిందన్నమాట. కొన్ని కార్లలో దీనికి తమాషా ఉపాయం చేశారు. తక్కువ వోల్టులకే నిండే కాయిల్ పెట్టి, మామూలప్పుడు దాని ముందు ఒక రెసిస్టర్ అడ్డం ఉంచి, సెల్ఫ్ కొట్టినంతసేపూ ఆ అడ్డం తీసేస్తారు. ఇక తాళం తిప్పగానే వెలిగే ఎర్ర లైటు సంగతి. డైనమో ఉన్న కార్లలో దాని ఒక కొస బ్యాటరీకి, రెండో కొస డైనమోకి ఉంటుంది. ఇంజను ఆడి డైనమో వోల్టేజి బ్యాటరీతో సమానమైతే రెండు కొసల మధ్యా తేడా లేక లైటు ఆరుతుంది. ఒక బల్బుతో ఇంత పని చేయించినవాడికి నేను దండం పెడతాను. ఇంజను ఆడకుండా తాళం ఆన్‌లో వదిలెయ్యొద్దని పెద్దలనేది కూడా ఊరికే కాదు. పాయింట్లు మూసుకున్న చోట ఇంజను ఆగి ఉంటే 4 ఆంపియర్లూ అలా పారుతూనే ఉంటాయి. కాయిల్ కాగిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

మా కొల్లేటి వైపు ఈ ఏర్పాటుకి పెద్ద శత్రువు ముసురు. చుట్టూ చేపల చెరువులు, వరిచేలు. ఆషాఢం దాటితే గాలే తడిగుడ్డలా ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ పడితే వేల వోల్టులు ప్లగ్గుదాకా పోకుండా మూత గోడమీదే పాకుతాయి. పాకిన చోట బొగ్గు గీత పడుతుంది, అది పెన్సిల్ గీతంత సన్నం. ఒకసారి పడితే తుడిచినా పోదు, ఆ తర్వాత ఎండాకాలంలో కూడా కరెంటుకి అదే బాట. చీకట్లో బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టించి చూడండి, వైర్ల చుట్టూ నీలం రవ్వలు పురుగుల్లా పాకుతూ కనబడతాయి. పెట్రోలు బండ్లు ముసురులో మొరాయిస్తే అద్దె అంబాసిడర్ల వాళ్లు నవ్వుకుంటూ పోయేవారు, వాళ్లలో చాలామందివి డీజిల్ ఇంజన్లు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. రవ్వ గొడవే లేదు.

తర్వాతి చరిత్ర తొందరగానే చెప్పెయ్యొచ్చు. 1951లో మైకో, 1961లో మద్రాసులో లూకాస్ టీవీఎస్ కంపెనీలు వచ్చి ఈ సామాన్లు మనదేశంలోనే దొరికేలా చేశాయి. బ్యాటరీల వైపు 1985లో గల్లా రామచంద్రనాయుడు తిరుపతి దగ్గర అమరరాజా మొదలుపెట్టారు, అమరాన్ వాళ్లదే. పాయింట్ల స్థానంలో ట్రాన్సిస్టర్ కూర్చుంది. ఆ వెనకే డిస్ట్రిబ్యూటర్ పోయింది, ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ వచ్చింది, ఎప్పుడు తెంపాలో కంప్యూటర్ చెబుతోంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది.

ఓడిన మాగ్నెటో మాత్రం చచ్చిపోలేదు. చేలో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్‌లో ఉంది, తాడు లాగితే స్టార్ట్ అయ్యే మిషన్లకి బ్యాటరీ బరువు ఎవరు మోస్తారు? పెట్రోలుతో నడిచే చిన్న విమానాల్లోనూ ఒక్కో ఇంజనుకి రెండు చొప్పున ఉంటాయి. బ్యాటరీ మొత్తం పోయినా ఇంజను ఆగకూడదు గనక. అయితే వీటిలో ఆపడం ఎలాగంటే, కారుకి పూర్తిగా తలకిందులు. కారులో తాళం ఆఫ్ చేస్తే తీగ తెగుతుంది. మాగ్నెటోలో తెంపడానికి బ్యాటరీ తీగే లేదు, అది పుట్టించిన కరెంటుని ఎర్త్‌కి కలిపి చంపాలి. స్ప్రేయర్ మీద ఎర్ర బటన్ చేసే పని అదే. ఆ ఎర్త్ తీగ ఎక్కడైనా తెగి ఉంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇంజను బతికే ఉన్నట్టు. చేత్తో కాస్త తిప్పినా రవ్వ కొట్టొచ్చు. విమానం మెకానిక్కులు తాళం తమ జేబులోనే ఉన్నా సరే, ప్రొపెల్లర్ తిరిగే దారిలో చెయ్యి పెట్టరు.