శాలరీ: ఉప్పు కథలో నిజమెంత?

'శాలరీ' అనే ఇంగ్లీషు మాట పుట్టుక గురించిన కథను పోటీపరీక్షల పుస్తకాల్లో మీరు చదివే ఉంటారు. ప్రాచీన రోములో సైనికులకు జీతంగా ఉప్పు ఇచ్చేవారనీ, అందువల్లనే ఈ మాట వచ్చిందనీ ఆ కథ. ఇందులో ఏది రుజువైనదో, ఏది కాదో పరిశీలిద్దాం.

ముందుగా పదనిర్మాణం. లాటిన్‌లో 'సాల్' అంటే ఉప్పు. దాని నుంచి ఏర్పడిన 'సలారియుస్' అనే విశేషణానికి 'ఉప్పుకు సంబంధించిన' అని అర్థం. దీని నపుంసకలింగ రూపమే 'సలారియుమ్'. రోమన్ సామ్రాజ్య కాలంలో ఈ మాట అధికారులకు ఇచ్చే భత్యం అనే అర్థంలో వాడుకలో ఉంది. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. ఇంతవరకు సందేహం లేదు. 'సలాడ్', 'సాస్', 'సాసేజ్' కూడా ఈ 'సాల్' సంతానమే.

చిక్కంతా ఉప్పుకూ భత్యానికీ సంబంధం ఎలా కుదిరిందన్న దగ్గర వస్తుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు మరణించిన ప్లినీ తన 'ప్రకృతి చరిత్ర' 31వ సంపుటంలో ఉప్పును గురించి రాశాడు. పదవీ గౌరవాలతోనూ సైనికసేవతోనూ ఉప్పుకు సంబంధం ఉందనీ, 'సలారియుమ్' అనే పేరు దాని నుంచే వచ్చిందనీ ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు. ఉప్పునే జీతంగా ఇచ్చారని ఆయన అనలేదు. అలా ఇచ్చినట్లు చెప్పే ప్రాచీన ఆధారం వేరే ఏదీ లేదు కూడా. రోమన్ సైనికుడి జీతానికి పేరు 'స్తిపెండియుమ్'; అగస్టస్ కాలంలో అది ఏడాదికి 225 దెనారియుస్‌లు, అంటే వెండి నాణేలు. 'సలారియుమ్' మొదట ఉప్పు కొనుక్కోవడానికి ఇచ్చిన డబ్బు కావచ్చునని కొందరు పండితులన్నారు. అది జరిగి ఉండదగినదే గాని, ఊహ.

'సోల్జర్' కూడా ఉప్పు నుంచే పుట్టిందనేవారున్నారు. అది మాత్రం పొరపాటు. దాని మూలం 'సోలిదుస్' అనే రోమన్ బంగారు నాణెం.

యజమాని ఉప్పు తిన్నాం, విశ్వాసంగా ఉండాలి అనుకునే తెలుగువారికి ఈ కథ ఇట్టే నచ్చుతుంది. కాని నచ్చడం వేరు, రుజువు కావడం వేరు. మన 'జీతం' సంగతే చూడండి. అది 'జీవితం' అనే సంస్కృత పదానికి వికృతి. మధ్యలోని 'వ'కారం జారిపోయింది. బతుకు అనే అర్థం బతకడానికి ఇచ్చే సొమ్ముగా మారింది. ఇందులో ఉప్పు ఊసే లేదు.