కోటా లేని మైదానంలో గుగులోత్ సౌమ్య

కులచర్చలో కామారెడ్డి పేరు ఇప్పుడు 2023 నవంబరు నాటి బీసీ డిక్లరేషన్‌తో ముడిపడి ఉంది. స్థానిక సంస్థల్లో 42 శాతం వాటా అన్న వాగ్దానం అక్కడే వెలువడింది. అదే జిల్లాలో ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట చుట్టూ పరచుకున్న లంబాడా తండాలు ఆ చర్చలో అరుదుగా వినబడతాయి. జిల్లాలోని నాలుగు శాసనసభ స్థానాల్లో జుక్కల్ ఎస్సీలది, మిగిలిన మూడూ జనరల్. ఎస్టీలకు ఒక్కటీ లేదు.

ఈ ఉమ్మడి నిజామాబాద్ గడ్డ మీది లంబాడా రైతు కుటుంబం నుంచే గుగులోత్ సౌమ్య వచ్చింది. మధ్యశ్రేణికీ దాడికీ నడుమ, మైదానపు అంచు వెంట ఆటను నడిపించే క్రీడాకారిణి. నిజామాబాద్‌లో నేర్చిన ఆట ఆమెను కేరళలోని గోకులం క్లబ్బుకు, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు, ఆపైన కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్‌కు చేర్చింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ భారత మహిళా లీగ్ గెలిచింది. ఆ ఏడాది దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా అఖిల భారత సమాఖ్య ఎన్నుకున్నది సౌమ్యనే. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి, అర్హత పోటీల ద్వారా తొలిసారి ఆసియా కప్‌కు చేరిన భారత బృందంలోనూ ఆమె ఉంది.

పత్రికలు ఆమెను 'పేదింటి బిడ్డ' అంటాయి. పేదరికం చెప్పడానికి సులువు. లంబాడా అని రాయడానికే కలం ఎందుకో జంకుతుంది. ఇంటిపేరు వినగానే తెలంగాణలో ఎవరికైనా తెలిసిపోయే సంగతి ఇది. ఎంబీబీఎస్ సీటు తెచ్చుకున్న తండా పిల్లను 'కోటా' అని ఎత్తిపొడిచే నోళ్లకు ఇక్కడ పని లేదు. ప్రైవేటు క్లబ్బుల్లో రిజర్వేషన్ లేదు.

అయితే ఈ మాటకు మరో పార్శ్వముంది. క్లబ్బులో కోటా లేనప్పుడు, క్లబ్బు కంట పడేదాకా బిడ్డను మోసేది ఎవరు? 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వెనుక రహీం శిక్షణతో పాటు నెలజీతమూ ఉంది. ఆటగాడి ఇంట్లో పొయ్యి వెలిగించింది ప్రభుత్వ కొలువే. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ తాడ్వాయి గురుకుల విద్యార్థిని. ఎల్లారెడ్డి నియోజకవర్గంలోని ఆ బడి లేకుంటే ఆ పేరు మనకు తెలిసేది కాదు. రెండుచోట్లా నిలబెట్టింది ప్రజాధనమే.

2024 కులసర్వే లెక్కన తెలంగాణలో ఎస్టీలు 10.45 శాతం. 2022లో వారి రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. దాన్ని అందుకోవాలంటే ముందు పెద్ద పోటీల్లో ఆడిన ధ్రువపత్రం కావాలి. ఆ పోటీలకు ఛార్జీలు, బూట్లు, ఆడపిల్లను ఊరు దాటించే ధైర్యం కావాలి. సౌమ్య లీగ్ గెలిచిన ఏడాది మొదటి శ్రేణిలో తెలంగాణ జట్టే లేదు. ఎల్లారెడ్డి తండాలో ఈరోజు బంతి తన్నుతున్న పిల్ల కూడా ఆట కొనసాగించాలంటే కోల్‌కతాకో కోళికోడ్‌కో పోవాలి. గిరిజన గురుకులాల్లో ఒక్కో జిల్లాకు ఒక ఫుట్‌బాల్ శిక్షకురాలినీ, గడ్డి మొలిచిన ఒక మైదానాన్నీ ఇవ్వడం ప్రభుత్వానికి భారమేమీ కాదు. కామారెడ్డి నుంచే మొదలుపెట్టవచ్చు.