చిన్నబోరు తుపాకి: తూకమును గూర్చిన అపోహలు

బోరు చిన్నదైనకొలది తుపాకి తేలికయగుననియు, తేలికయైనకొలది గురి సులభమగుననియు పలువురు నమ్ముచుందురు. మొదటిమాటయే అన్నివేళల నిజము కాదు. 20 గేజి చట్రముమీదనే 28 గేజి గొట్టములను అమర్చిన తుపాకులు పెక్కు కలవు. గొట్టము వెలుపలి కొలత మారక, లోపలి రంధ్రము మాత్రము 15.6 మిల్లీమీటర్లనుండి 14కు తగ్గినప్పుడు, ఆ మేర ఉక్కే నిలిచియుండును గనుక, చిన్నబోరుదే ఎక్కువ తూగును.

దినమంతయు పొదలవెంట నడచి, రెప్పపాటులో లేచిపోవు వుడ్‌కాక్ వంటి పక్షిని వేటాడువానికి తేలిక తుపాకి హాయినిచ్చుననుట సత్యమే. అయితే శీఘ్రముగా కదలునది శీఘ్రముగానే ఆగును. లక్ష్యమును దాటి ముందునకు సాగవలసిన గొట్టము మీట నొక్కిన క్షణముననే నిలిచిపోయినచో, గుళ్లు లక్ష్యమునకు వెనుకగా పోవును. ఎగురు మట్టిబిళ్లలను కాల్చు అమెరికా స్కీటు పోటీలలో 12, 20, 28, .410 అను నాలుగు బోరులకును వేర్వేరు పందెములు కలవు. అచ్చట పలువురు 12 బోరు తుపాకి గొట్టములలోనే చిన్నబోరు లోగొట్టములను దూర్చి కాల్చుదురే గాని, తేలికపాటిదానిని వెదకరు. వారికి కావలసినది మారని బరువు, మారని ఊపు.

మడతబందు చీలమీద తుపాకి త్రాసువలె నిలిచిన సమతౌల్యము కుదిరినట్లే యనుట మరియొక అపోహ. నా యెరుకలో మిక్కిలి హానికరమైనదియు ఇదియే. కర్రపిడి కొసన సీసము పోసి, ముందుబరువైన ఏ తుపాకినైనను ఆ చీలమీద నిలుపవచ్చును. ఇరుచేతుల నడుమనున్న బరువు తుపాకి తిరుగుటకు అంతగా అడ్డుపడదు. కొసలనున్న బరువో, దూరముయొక్క వర్గమును బట్టి, అనగా రెట్టింపు దూరమునకు నాలుగురెట్లుగా, అడ్డుపడును. ఒకే తూకము, ఒకే తూగుబిందువు గల రెండు తుపాకులలో ఒకటి చురుకుగను, వేరొకటి మందముగను తోచుటకు కారణమిదియే.

చిన్నబోరు భుజమును తన్నదనుట కూడ తగదు. ఆంగ్లదేశపు తుపాకి నిర్మాత గ్రీనరు పేర ప్రసిద్ధమైన సూత్రము ప్రకారము తుపాకి తూకము గుళ్ల తూకమునకు 96 రెట్లుండవలెను. 20 గేజికి అలవాటైన 7/8 ఔన్సు గుళ్లకు ఐదుంబావు పౌన్లు చాలును. అదే తుపాకిలో 1¼ ఔన్సుల మ్యాగ్నం తూటా వేసినచో ఏడున్నర పౌన్లు కావలసివచ్చును.

కావున క్రొత్తగా నేర్చువానికి అర ఔన్సు గుళ్ల పలుచని చిమ్మును, ఇట్టే ఆగిపోవు గొట్టమును గల .410ను ఇచ్చుట వానికి కష్టము తెచ్చుటయే. పిడిని వాని కొలతకు కుదించిన, కొంచెము బరువైన 20 గేజి తుపాకిని, తేలిక తూటాలతో ఇచ్చుట మేలు.