లైసెన్సు అడగని కిలోవాట్లు

సింగపూర్‌లో కారు నిలిపే గడి కొలత తక్కువలో తక్కువ 2.4 మీటర్ల వెడల్పు, 4.8 మీటర్ల పొడవు. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్ల పక్కనుండే బహుళ అంతస్తుల కార్‌పార్కుల్లో ఇలాంటి గడులు వందల కొద్దీ ఉంటాయి. గడికి ముందు దారి, దారికి అవతల మరో వరుస కార్లు, వాటి మధ్యనుంచి కూరగాయల సంచులతో లిఫ్టు వైపు నడిచే మనుషులు. ఇప్పుడు ఈ గడిలో ఒక టెస్లా మోడల్ 3 పెర్ఫార్మెన్స్ నిలిచి ఉందనుకుందాం. కంపెనీ లెక్క ప్రకారం ఇది 3.1 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. సగటున చూస్తే, సెకను గడిచేసరికి గంటకు 32 కిలోమీటర్ల వేగంతో నాలుగున్నర మీటర్లు, అంటే దాదాపు గడి పొడవంత దూరం ముందుకెళ్తుంది. సెకనున్నరకు 10 మీటర్లు, వేగం 48. రెండో సెకను ముగిసేసరికి 18 మీటర్లు, వేగం 64.

బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కినవాడికి ఆ తప్పు తెలిసి కాలు తీయడానికి సెకనున్నర పట్టడం వింతేమీ కాదు. ఈలోగా కారు ఎదుటి వరుసను గుద్దేసి ఉంటుంది.

ఇంత తొందర ఎక్కణ్నుంచి వచ్చిందంటే, మోటారు పుట్టుకలోనే ఉంది. పెట్రోలు ఇంజను సున్నా వేగం దగ్గర ఏ పనీ చేయలేదు. అది ముందు తిరుగుతూ ఉండాలి, క్లచ్చో టార్క్ కన్వర్టరో మెల్లగా ఆ తిప్పుడును చక్రాలకు అందించాలి. ఒక్కసారిగా తొక్కితే గేరు కిందికి దిగాలి, టర్బో ఉంటే అది ఊపందుకోవాలి. ఈ ఆలస్యం అర సెకనే కావచ్చు, కానీ ఆ అర సెకనులో ఇంజను గట్టిగా అరుస్తుంది. తొక్కింది తప్పు పెడల్ అని కాలి కన్నా ముందు చెవి కనిపెడుతుంది. విద్యుత్ మోటారుకు ఈ తంతు లేదు, మిక్సీ మీట నొక్కినట్టే. ఇన్వర్టర్ కరెంటు పంపగానే, చక్రం కదలక ముందే, పూర్తి టార్క్ చేతిలో ఉంటుంది. ఆ టార్క్ ఎంత, పెడల్ ఎంత నొక్కితే ఎంత రావాలి అన్నది సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. అరుపు లేదు, కుదుపు లేదు, ఆలస్యం లేదు. ఇవే సుగుణాలుగా షోరూముల్లో చెబుతారు. నిజంగా సుగుణాలే, తొక్కింది సరైన పెడల్ అయినంతవరకు.

కార్ల శక్తిని సింగపూర్ పట్టించుకోవడం లేదా అంటే, పట్టించుకుంటోంది. కిలోవాట్ల గీత గీసి మరీ లెక్క చూసే దేశాల్లో అదొకటి. అయితే ఆ లెక్క డబ్బు లెక్క. అక్కడ కారు కొనాలంటే ముందు పదేళ్లు చెల్లే సర్టిఫికెట్ ఆఫ్ ఎంటైటిల్‌మెంట్ వేలంలో దక్కించుకోవాలి, దాన్నే అందరూ సీఓఈ అంటారు. చిన్న కార్లకు ఏ విభాగం, పెద్దవాటికి బీ విభాగం. 2023 అక్టోబర్‌లో బీ విభాగం సీఓఈ ఒక్కటే లక్షన్నర సింగపూర్ డాలర్లు దాటింది, కారు ధర అదనం. మొదట్లో ఈ రెంటినీ విడదీసింది 1600 సీసీ గీత. చిన్న టర్బో ఇంజన్లతో ఖరీదైన కార్లు కూడా ఏ విభాగంలోకి దూరడంతో 2014 ఫిబ్రవరి నుంచి 97 కిలోవాట్ల శక్తి పరిమితి కూడా పెట్టారు. విద్యుత్ కార్లకు ఈ గీత మరీ ఇరుకైంది. మామూలు కుటుంబ కారు కూడా దాన్ని దాటేసేది. అందుకే భూ రవాణా సంస్థ ఎల్‌టీఏ 2022 మే వేలం నుంచి విద్యుత్ కార్లకు దాన్ని 110 కిలోవాట్లు చేసింది.

ఆ తరువాత కంపెనీలు గీతకు తగ్గట్టు కార్లు కుదించాయి. బీవైడీ ఆటో 3ని 100 కిలోవాట్లకు తగ్గించి అమ్మింది. టెస్లా 110 కిలోవాట్ల మోడల్ 3 తెచ్చింది. కొనేవాళ్లకు సీఓఈ ఆదా. శక్తి తగ్గింది కాబట్టి భద్రత పెరిగినట్టే కదా అనిపిస్తుంది. ఇక్కడ కొంచెం లెక్క చూడాలి.

శక్తి అంటే బలాన్ని వేగంతో గుణించిన మొత్తం. 1,800 కిలోల కారు వేగాన్ని సెకనుకు 5 మీటర్ల చొప్పున పెంచాలంటే 9,000 న్యూటన్ల బలం కావాలి. గంటకు 15 కిలోమీటర్ల దగ్గర అందుకు అయ్యే శక్తి 37.5 కిలోవాట్లు మాత్రమే. అదే దూకుడును నిలబెట్టుకుంటూ పోతే, 110 కిలోవాట్ల పరిమితి అడ్డుపడేది 44 కిలోమీటర్ల వేగం దగ్గర. టార్క్‌ను కూడా తగ్గిస్తే తప్ప, 110 కిలోవాట్ల కారుకూ 200 కిలోవాట్ల కారుకూ 44 కిలోమీటర్ల లోపు తేడా ఉండదు. కార్‌పార్కు, స్కూలు గేటు, జీబ్రా క్రాసింగ్, పెట్రోలు బంకు మలుపు, అన్నీ ఆ లోపు వేగాలవే. ఎక్స్‌ప్రెస్‌వేలో పక్క కారును దాటేటప్పుడు మాత్రం కిలోవాట్లు అక్కరకొస్తాయి. సీఓఈ గీత చేయాల్సిన పని చేస్తూనే ఉంది. దాన్ని భద్రతా గీత అనుకోవడమే పొరపాటు.

మరి భద్రత కోసం శక్తికి మెట్లు కట్టాలన్న ఆలోచనే సింగపూర్‌కు లేదా? ఉంది, మోటార్‌సైకిళ్లకు ఉంది. కొత్తగా నేర్చుకున్నవాడికి క్లాస్ 2బీ లైసెన్సు, 200 సీసీ వరకు. విద్యుత్ బండి అయితే 15 కిలోవాట్ల వరకు. కనీసం ఏడాది గడిచాక పరీక్ష పాసై 2ఏకు వెళ్తే 400 సీసీ లేదా 25 కిలోవాట్లు. ఆ పైన మరో ఏడాది, మరో పరీక్ష, అప్పుడు క్లాస్ 2. కార్ల విషయానికొస్తే ఈ నిచ్చెనే లేదు. క్లచ్ లేని కార్లకు క్లాస్ 3ఏ లైసెన్సు చాలు. నిన్న పాసైనవాడు ఇవాళ బూస్ట్‌లో 478 కిలోవాట్లిచ్చే హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ నడపవచ్చు. మొదటి ఏడాది ముందూ వెనకా నారింజ రంగు ప్రొబేషన్ త్రికోణం అంటించుకోవాలి, 13 డీమెరిట్ పాయింట్లు పడితే లైసెన్సు రద్దు. తప్పు చేశాక పడే శిక్ష అది. 26 కిలోవాట్ల స్కూటర్‌కు రెండు మెట్లు ఎక్కించిన చట్టం, 478 కిలోవాట్ల కారుకు ఒక్క మెట్టూ అడగకపోవడానికి కారణం నాకైతే అలవాటు తప్ప మరేదీ కనిపించడం లేదు. ఆ చట్టాలు రాసిన కాలంలో ఇంత శక్తి కోటీశ్వరుల స్పోర్ట్స్ కార్లలోనే ఉండేది.

ఆస్ట్రేలియాలో కొన్ని రాష్ట్రాలు మెట్టు పెట్టాయి. న్యూ సౌత్ వేల్స్‌లో ప్రొవిజనల్ లైసెన్సు మీదున్న కొత్త డ్రైవర్లు టన్నుకు 130 కిలోవాట్లు మించిన కార్లు నడపకూడదు. దక్షిణ ఆస్ట్రేలియాలో 2024 డిసెంబర్ 1 నుంచి టన్నుకు 276 కిలోవాట్లు లేదా అంతకు మించి ఉన్న కారుకు ప్రత్యేకంగా యూ క్లాస్ లైసెన్సు కావాలి. అడిలైడ్‌లో 2019లో ఒక లంబోర్గిని కింద పడి ఒక పదిహేనేళ్ల అమ్మాయి చనిపోయిన తరువాత వచ్చిన చట్టం అది. అందులో నాకు నచ్చిన అంశం ఇంకొకటుంది: ఆ తరగతి కార్లలో ట్రాక్షన్ కంట్రోల్ వంటి రక్షణలను డ్రైవరు ఆపేయడం నేరం. కాకపోతే మన అయానిక్ 5 ఎన్ బరువు దాదాపు 2.2 టన్నులు. భాగిస్తే టన్నుకు 217 కిలోవాట్లు, గీత కిందే. బ్యాటరీ బరువు లెక్కలో కారును కాపాడింది!

అదే బరువు రోడ్డు మీద ఎదుటివాణ్ని కాపాడదు, వేగం తోడైతే ఇంకా కష్టం. సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ కోవెల దగ్గర ఆదివారం సాయంత్రం రద్దీని ఊహించండి. మన తెలుగువాళ్లు చాలామందికి పరిచయమున్న చోటే. గంటకు 50 కిలోమీటర్లతో వచ్చే కారు ముందుకు ఎవరో అడుగు వేశారు. చూసి, కాలు మార్చి, బ్రేక్ తొక్కేసరికి సెకనున్నర అనుకుంటే అప్పటికే 21 మీటర్లు, ఆపైన ఆగడానికి 14. మొత్తం 35 మీటర్లు. అదే కారు 70లో వస్తుంటే, 50లో వచ్చింది పూర్తిగా ఆగిపోయిన ఆ 35వ మీటరు దగ్గర, దీని వేగం ఇంకా 62. ఈ లెక్క పెట్రోలు కారుకూ వర్తిస్తుంది. దూకుడు విద్యుత్ కారు తెచ్చిన మార్పల్లా, సిగ్నల్ దగ్గర నిలిచిన చోటు నుంచి 70కి చేరడం రెండు సెకన్ల పైచిలుకు పనైపోవడం. వేగం పెంచడంలో తరాల తేడా వచ్చింది. ఆపడంలో మాత్రం ఆ నాలుగు టైర్ల పట్టే దిక్కు. వానకు తడిసిన రోడ్డు మీద ఆ పట్టు ఇంకా తక్కువ.

సింగపూర్‌లో వృద్ధులు ఎక్కువుండే పేటల్లో 2014 నుంచి సిల్వర్ జోన్లు కడుతున్నారు, దారిని వంకర్లు తిప్పి, మధ్యలో ఆగే చోటిచ్చి, వేగం తగ్గేలా. వృద్ధులు సిగ్నల్ స్తంభానికి కార్డు తాకిస్తే దాటడానికి కొన్ని సెకన్లు ఎక్కువిచ్చే ఏర్పాటూ ఉంది. 2024 ఏప్రిల్ నుంచి కూడళ్లలోని రెడ్ లైట్ కెమెరాలు వేగాన్ని కూడా పట్టడం మొదలైంది. ఇవన్నీ మంచివే, కానీ కెమెరా దగ్గర నెమ్మదించి, దాటగానే రెండు సెకన్లలో మళ్లీ పాత వేగం అందుకునే కారు కోసం ఆలోచించినవి కావు.

పెడల్ పొరపాటు దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే బాధ్యత అనే మాట అక్కడే చిక్కులో పడుతుంది. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల ఒక పెద్దాయన నడిపిన హైబ్రిడ్ కారు క్రాసింగుల మీదికి దూసుకెళ్లి ఒక తల్లినీ, మూడేళ్ల కూతురినీ బలి తీసుకుంది. తను బ్రేకే తొక్కానని, కారే చెడిందని ఆయన కోర్టులో వాదించారు. కారులో నమోదైన సమాచారం మాత్రం యాక్సిలరేటర్ నొక్కి ఉందని చెప్పింది. 2021లో అయిదేళ్ల జైలు పడింది. ఆయన అబద్ధమాడారని అనుకోనక్కరలేదు. కాలు చేసిన తప్పు మనసుకు తెలియదు. బ్రేక్ తొక్కమని ఆజ్ఞ ఇచ్చాం, కారు ఆగలేదు, కాబట్టి ఇంకా గట్టిగా తొక్కుతాం. 2021 జనవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థ టెస్లాలు వాటంతటవే దూసుకెళ్తున్నాయన్న 246 ఫిర్యాదులను పరిశీలించి, కారులో లోపమని చెప్పే ఆధారం లేదని, ఆ ప్రమాదాలకు తప్పు పెడల్ కారణమని తేల్చింది. 1989లో ఆడి కార్ల గొడవలోనూ ఆ సంస్థ చెప్పింది ఇంచుమించు ఇదే.

సింగపూర్ చట్టం ఈ విషయంలో తటపటాయించదు. రోడ్ ట్రాఫిక్ యాక్ట్ 64వ సెక్షన్ ప్రమాదకరంగా నడపడం గురించి, 65వ సెక్షన్ అజాగ్రత్తగా నడపడం గురించి. మనిషి చనిపోతే, మొదటి నేరానికే, 64 కింద 8 ఏళ్ల దాకా, 65 కింద 3 ఏళ్ల దాకా జైలు. 2025 ఆరంభంలో పార్లమెంటు మొదటిసారి నేరం చేసినవారికి తప్పనిసరి కనీస శిక్షలను తొలగించి న్యాయమూర్తికి వెసులుబాటు ఇచ్చింది, గరిష్ఠ శిక్షలు అలాగే ఉన్నాయి. లేన్ పట్టి నడిపే సాయం, ముందు కారును అనుసరించే క్రూజ్, ఇవేవీ బాధ్యతను డ్రైవరు ఒళ్లోంచి తీయవు. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడే డ్రైవరు.

శిక్ష భయం తెలిసి చేసే తప్పును ఆపొచ్చు, కాలి తడబాటును ఆపలేదు. దానికి యంత్రంలోనే మందు ఉండాలి. ముందు ఒకటి, ఒకటిన్నర మీటర్లలో అడ్డం ఉండగా యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కితే శక్తిని అణచివేసే పరికరాన్ని, 2028 సెప్టెంబర్ నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లకు జపాన్ తప్పనిసరి చేస్తోంది. 2025 నవంబర్‌లో చైనా విడుదల చేసిన ముసాయిదా ఇంకో అడుగు వేసింది: కారు ఆన్ చేసిన ప్రతిసారీ, 0 నుంచి 100 చేరడానికి 5 సెకన్లకు తగ్గకుండా పట్టే మోడ్‌లోనే అది మొదలవ్వాలి. అంతకన్నా దూకుడు కావాలంటే డ్రైవరు తానై మార్చుకోవాలి.

ఆ నిబంధన వచ్చేదాకా ఆగనక్కరలేదు. దాదాపు ప్రతి విద్యుత్ కారులోనూ మెత్తగా కదిలే మోడ్ ఉంటుంది. టెస్లాలో దాని పేరు చిల్, మరికొన్నిట్లో ఎకో. ఊళ్లో తిరిగినంతసేపు అందులోనే ఉంచుకుంటే మొదటి రెండు సెకన్ల లెక్క చాలావరకు మారిపోతుంది. రీజెన్ సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. యాక్సిలరేటర్ వదలగానే మోటారు జనరేటరుగా మారి కారు వేగాన్ని తగ్గిస్తుంది, కాబట్టి కొందరు బ్రేక్ పెడల్ జోలికే పోకుండా రోజంతా నడిపేస్తారు. హాయిగానే ఉంటుంది. కానీ కాలు ఎడమకు జరిగి గట్టిగా తొక్కే అలవాటు తప్పిపోతుందేమోనన్న అనుమానం నిపుణుల్లో ఉంది, నాకూ ఉంది. పార్కింగులో రీజెన్ తగ్గించి, మడమను బ్రేక్‌కు సూటిగా నేల మీద ఆనించి, యాక్సిలరేటర్‌కు వేళ్లను మాత్రం కుడికి వాల్చడం పాత డ్రైవింగ్ మాస్టర్లు నేర్పే పద్ధతే. దాన్ని కొత్త కారులో మళ్లీ సాధన చేయాలి. అద్దెకు తీసుకున్న కారైతే కదిలే ముందే ఒకసారి బ్రేక్ నిండా తొక్కి చూడాలి, ఒక్కో కారు పెడల్ ఒక్కో తీరు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఉద్యోగానికి వెళ్లినవారు సింగపూర్‌లో ఇండియా లైసెన్సుతో 12 నెలలు నడపవచ్చు, తరువాత మార్చుకోవాలి. దానికి బేసిక్ థియరీ టెస్ట్ ఒక్కటే అడ్డు, 50 ప్రశ్నల్లో 45 సరిగా రాయాలి. ఎడమ పక్క నడపడం మనకు అలవాటే, రోడ్డు పరీక్ష లేదు. మారుతీ ఆల్టో మీద చెయ్యి తిరిగిన మనిషి ఆ కాగితంతోనే తిన్నగా 300 కిలోవాట్ల కారెక్కవచ్చు. అక్కడ 2024లో రిజిస్టరైన కొత్త కార్లలో దాదాపు మూడో వంతు విద్యుత్‌వే, బాగా అమ్ముడైన బ్రాండ్లలో బీవైడీ ఒకటి. మన దగ్గరా మహీంద్రా బీఈ 6 210 కిలోవాట్లతో 6.7 సెకన్లలో 100 అందుకుంటోంది. దాన్ని నడపడానికి ఆర్టీఓ అడిగేది ఆల్టోకు ఇచ్చిన ఎల్ఎంవీ లైసెన్సునే.