మిథ్యావీథిలో నడక



మూడేండ్ల క్రిందట మా అన్నగారికి పక్షవాతము వచ్చినది. ప్రాణాపాయము తప్పినది. ఆసుపత్రినుండి యింటికి వచ్చిన పిమ్మట, పెద్దవారిని కష్టపెట్టరాదని తలచి నెలలకొలది మంచము దిగనీయమైతిమి. వైద్యుడు లేపుమనిన నాడే లేపవలసినది. అది ప్రేమచే చేసిన తప్పు. తరువాత కఱ్ఱ పట్టుకొని వసారాలో నడచుట నేర్చిరి గాని గడప దాటి వీథిలోనికి పోజాలకుండిరి. "కాలు సరేరా, ఎదురుగా ట్రాక్టరొస్తే ఎటు పోను?" అనెడివారు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను తెలిసికొనిన సంగతి నేడు మీకు మనవి చేసెదను.

పక్షవాతము కాలి రోగము కాదు, మెదడు రోగము. అందలి రక్తనాళము పూడుకొనుటవలన గాని చిట్లుటవలన గాని కొంతభాగము చెడును. కుడివైపు చెడినచో సాధారణముగా ఎడమ కాలుసేతులు పడిపోవును, ఎడమవైపు చెడినచో కుడివి. కాలి కండలు చావలేదు. వానికి ఆజ్ఞాపత్రము వ్రాసి పంపువాడు లేడు. అయితే మెదడున కొక సుగుణము కలదు. మిగిలిన భాగములు అభ్యాసముచే ఆ పనిని కొంతవరకు నేర్వగలవు. పలకపై అక్షరము దిద్దించినట్లు ఒక్కొక్క అడుగును వందలమార్లు దిద్దించవలయును. మఱియు దేనిని అభ్యసించిన దానియందే నేర్పు హెచ్చును. వసారాలో నడచినంతమాత్రమున వీథినడక రాదు.

ఇచ్చటనే చిక్కు. కాలు స్వాధీనము లేనివానిని బండ్లు తిరుగు బాటపై నిలిపి నేర్పుటెట్లు? ఇందులకై వైద్యులు వర్చువల్ రియాలిటీ యను సాధనమును ఉపయోగించుచున్నారు. కంప్యూటరు కల్పించిన దృశ్యమును పెద్ద తెరపై గాని, కండ్లకు తొడిగెడి అద్దాలపెట్టెలో గాని రోగికి చూపుదురు. రోగి కదలినకొలది దృశ్యమును కదలును. వేదాంతులు చెప్పు రజ్జుసర్పభ్రాంతి మీకు తెలియనిది కాదు. పాము అబద్ధమే, కాని చూచినవాని గుండెదడ నిజము, వెనుకకు వేసిన అడుగు నిజము. ఆ నిజమైన అడుగే వైద్యునకు కావలసినది.

తైవానుదేశపు పరిశోధకులు 2008లో ప్రకటించిన పరీక్ష నొకదానిని చెప్పెదను. పక్షవాతము వచ్చిన 20 మందిని రెండు జట్లు చేసిరి. ఉభయులును ట్రెడ్‌మిల్లుపై, అనగా కాళ్లక్రింద వెనుకకు జరుగుచుండు పట్టీపై, నడచిరి. ఒక జట్టునకు మాత్రము ఎదుట తెరపై తైపే నగరపు వీథులవంటివే కనబడుచుండెను. సందులో నడచుట, బాట దాటుట, అడ్డములపైనుండి అడుగువేయుట, తోటలో తిరుగుట: ఇవి వారి పాఠములు. వారమునకు మూడుమార్లు, మారునకు 20 నిమిషములు, మూడు వారములు. పిమ్మట పరీక్షింపగా నడకవేగమునందును, నిజమైన వీథిలో నడచుటకు పట్టు కాలమునందును తెర చూచినవారికే ఎక్కువ మేలు కనబడెను.

ఇరువదిమందితో జరిగిన పరీక్షను చూచి ఇది అమృతమని నేననను. కోక్రేను సంస్థవారి 2017 నాటి సమీక్షలో 72 పరీక్షలు చేరినవి. చేతి విషయమున ఈ సాధనము మామూలు చికిత్సను మించలేదనియు, దానికి తోడుగా చేర్చి అభ్యాసకాలమును పెంచినచో ఉపకరింపవచ్చుననియు, నడకవేగమును గూర్చి తేల్చిచెప్పుటకు ఆధారములు చాలవనియు అందు వ్రాసిరి. కొందఱకు ఆ దృశ్యములు చూడగా తల తిరుగును. పడకుండ పట్టుకొనుటకు ప్రక్కన మనిషి యుండి తీరవలయును.

మా ఊరికి ఆ తెర రాలేదు. పట్టణములోని ఫిజియోథెరపీ వైద్యునితో ఈ మాట చెప్పగా నవ్వి, "తెర లేకపోతేనేమండీ, మీకు పెరడుంది గదా" అనెను. ఆయన చెప్పినట్లు పెరటిలో ముగ్గుపిండితో సన్నని బాట గీసి నడుమనడుమ ఇటుకలు పెట్టితిమి. నేను అన్నగారి ప్రక్కనే నడచుచుంటిని. మా మనుమడు సైకిలుపై మెల్లగా ఎదురు వచ్చుచుండెను. మొదటినాడు అన్నగారు వానిని తిట్టి నిలిచిపోయిరి. రెండు నెలలకు తిట్టుచునే ప్రక్కకు తొలగిరి. మొన్న ఉదయము గడప దాటి, వీథి దాటి, ఎదురింటి అరుగుమీద కూర్చుండి, కాఫీ అచ్చటికే పంపుమని కేక వేసిరి.