4.3 పూర్వీక జీనోమ్‌ను వెతకడం

నిమ్మాడ నుంచి పలాస మీదుగా ఉద్దానం వైపు వెళ్తే కొబ్బరి తోటలు, ఈత చెట్లు కనిపిస్తాయి. కొబ్బరికి 16 జతల క్రోమోసోమ్‌లు, ఈతకు 18. గోదావరి ప్రాంతంలో సాగయ్యే ఆయిల్‌పామ్‌కు కూడా 16 జతలే. ఈ మూడూ తాటి కుటుంబానికి చెందినవే. కొబ్బరి, ఆయిల్‌పామ్ విడిపోకముందున్న పూర్వీకంలో జన్యువులు ఏ వరుసలో ఉండేవి? పూర్వీకం ఇప్పుడు లేదు కాబట్టి, నేటి జీనోమ్‌లను పోల్చి దాన్ని ఊహించాలి.

4.3.1 సమస్య

క్రోమోసోమ్‌లో ఒక ముక్క తెగి, తిరగబడి అతుక్కోవడాన్ని విలోమం అంటారు. ఒక వరుసను మరొకటిగా మార్చడానికి కావలసిన కనీస విలోమాల సంఖ్యే వాటి మధ్య దూరం. మూడు జీనోమ్‌లకూ మొత్తం దూరం కనిష్ఠంగా ఉండే వరుసను మధ్యగతం అంటారు. అన్ని వరుసలనూ పరీక్షించవచ్చు కదా అనిపిస్తుంది. కానీ 10 ఖండాలకే 36,28,800 వరుసలు వస్తాయి. 20 ఖండాలకైతే అది 19 అంకెల సంఖ్య.

4.3.2 ఉదాహరణ

కింది వరుసలు అవగాహన కోసం ఊహించినవి. జన్యువుల దిశను ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు.

కొబ్బరి: 1 3 2 4 5
ఆయిల్‌పామ్: 1 2 4 3 5
ఈత: 1 2 3 5 4

ఏ రెండింటి మధ్యనైనా దూరం 2. కొబ్బరి వరుసనే పూర్వీకం అనుకుంటే మొత్తం 0+2+2=4. అందులో ‘3 2 4’ను తిప్పితే 1 4 2 3 5 వస్తుంది, ఆయిల్‌పామ్ దూరం 1కి తగ్గినా ఈత దూరం 2గానే ఉంటుంది. ‘3 2’ను తిప్పితే వచ్చే 1 2 3 4 5కు రెండు దూరాలూ 1కి తగ్గుతాయి. మొత్తం 1+1+1=3. ఇలా మిగిలిన రెండింటికీ దగ్గర చేసే విలోమాలను ముందుగా ఎంచుకోవడం 2002లో బూర్క్, పెవ్‌జ్‌నర్ ప్రకటించిన పద్ధతికి మూలసూత్రం.

4.3.3 ఎక్కడ ఆగాలి?

పూర్వీకం ఏదైనా, దాని మీదుగా ఒక జీనోమ్ నుంచి మరొకదానికి వెళ్లే దారి 2 కంటే తక్కువ కాదు. మూడు జతలకు కలిపి 6. ఇందులో ప్రతి దూరమూ రెండుసార్లు లెక్కకు వచ్చింది కాబట్టి మొత్తం కనీసం 3. దీన్ని దిగువ హద్దు అంటారు. మనం దాన్ని చేరాం, ఇక వెతకనక్కర్లేదు.

పెద్ద జీనోమ్‌లలో ఈ హద్దు చాలాసార్లు అందదు. ఏ ఒక్క విలోమమూ మేలు చేయని చోట వెతుకులాట చిక్కుకోవచ్చు. అప్పుడు వేర్వేరు వరుసల నుంచి మళ్లీ మొదలుపెడతారు, లేదా కొన్ని నష్టపు అడుగులను కూడా అనుమతిస్తారు. కనిష్ఠం దొరికినా అది పరికల్పనే. అంతే మొత్తంతో మరో వరుస ఉండవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఆయిల్‌పామ్ వరుసతో మొదలుపెట్టండి. ఏ విలోమం మిగిలిన రెండు దూరాలనూ తగ్గిస్తుంది?