గూడు చెదరకుండా తీసినదే మంచి ఫొటో
పులికాట్, నేలపట్టు పక్షులకు గ్రామస్థులే కాపలా

సూళ్లూరుపేట: ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండిందంటే నేలపట్టుకు చుట్టాలు వచ్చినట్టే. అక్టోబరు మొదలుకొని గూడబాతులు గుంపులుగా దిగుతాయి. వాటి వెనకే కెమెరాలు భుజాన వేసుకున్నవారూ దిగుతారు. ఒకప్పుడు పట్నం నుంచి వచ్చిన ఒకరిద్దరి వద్దనే కెమెరా ఉండేది. నేడు పశువులు కాసే కుర్రవాడి జేబులోనూ ఫోను ఉంది. ఫొటో తీయడం అందరికీ అందిన పని అయింది గనుక, దాన్ని ఎలా తీయాలో కూడా అందరూ తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది.

ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దీనిలో ఎక్కువ భాగం ఆంధ్రలో, కొంత తమిళనాడులో ఉంది. కాళంగి, స్వర్ణముఖి వంటి నదుల మంచినీరు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరు ఇందులో కలుస్తాయి. లోతు తక్కువ కావడంతో పొడుగుకాళ్ల పక్షులకు ఇది మేతబీడు. నేలపట్టు చెరువు సంగతి వేరు. అక్కడ నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా అక్కడే కాపురం పెడతాయి. సుమారు 459 హెక్టార్ల ఈ ప్రాంతాన్ని 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు.

మెడలు లేచాయంటే ఆగాలి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ తూర్పుకు సాగుతుంది. రాజహంసలను చూడడానికి ఇంతకన్న అనువైన చోటు లేదు. శీతకాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు. కనుక రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షులపై వెలుగు చక్కగా పడుతుంది. దక్షిణం వైపు తీస్తే నల్లని నీడబొమ్మలే వస్తాయి.

రాజహంస తల తలకిందులుగా నీటిలో ముంచి, బురదనీటిని ముక్కుతో వడగట్టి తింటుంది. మనిషి దగ్గరయ్యేకొద్దీ ముందు మెడలన్నీ పైకి లేస్తాయి. తర్వాత గుంపంతా ఒకే దిక్కుకు నడుస్తుంది. ఆపైన పరుగెత్తి ఎగురుతుంది. మెడలు లేచినప్పుడే మనం ఆగిపోవాలి. రెక్క విప్పినప్పుడు కనిపించే ఎరుపు, నలుపుల అందం కోసం రాయి విసిరేవారూ, కేకలు పెట్టేవారూ ఉన్నారు. వారికి అది క్షణం వేడుక. పక్షికి మాత్రం మేత పోయి, ఒంట్లో సత్తువ ఖర్చవుతుంది.

గూటి దగ్గర మరింత జాగ్రత్త

గూడబాతు సాధారణంగా మూడు గుడ్లు పెట్టి, నెల రోజులు పొదుగుతుంది. తల్లీ తండ్రీ వంతులు వేసుకుంటాయి. పుట్టిన పిల్లకు ఈకలు ఉండవు. పెద్దపక్షి బెదిరి లేచిపోతే ఎండకు ఆ పిల్ల తాళలేదు. కాకులు, గద్దలు గుడ్ల కోసం కాచుకుని ఉంటాయి. అందుచేత చెట్ల కిందికి పోవడం, కొమ్మలు వంచడం, పైన డ్రోను తిప్పడం తగని పనులు. కట్టమీద నుంచి, కావలి మంచె మీద నుంచి తీసిన ఫొటోయే క్షేమం. పెద్ద లెన్సు లేనివారు నీటిపై తెల్లవారే వెలుగును, చెట్టునిండా ఉన్న గూళ్లను తీయవచ్చు. అవీ కనువిందే.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. రక్షిత కేంద్రంలోకి వెళ్లేముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

ఈ పక్షులను ఇన్నేళ్లు నిలిపింది చుట్టుపక్కల గ్రామస్థుల ఓర్పే. రెట్ట కలిసిన చెరువునీరు పొలానికి ఎరువని రైతులకు తెలుసు. ఏ తావున నీరు నిలిచిందో, ఏ గుంపు ఎక్కడ మేస్తున్నదో పులికాట్ మత్స్యకారులకు తెలిసినంతగా బయటివారికి తెలియదు. ఫొటోల కోసం వచ్చేవారు ముందు వారిని అడగడం మంచిది. వారి వలలనూ, పడవలనూ అడ్డం లేకుండా చూడడం మర్యాద.

2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ 2025 జనవరిలోనూ జరిగింది. పండుగకు జనం రావడం సంతోషమే. అయితే పండుగ రెండు మూడు రోజులు, గూడు నెలల తరబడి. మన ఊరి యువకులు ఏటా ఒకే చోట నిలబడి ఫొటో తీసి, తేదీ, చోటు రాసి ఉంచితే పక్షులు ఎప్పుడు వచ్చాయో, నీరు ఎంతవరకు ఉన్నదో తర్వాతివారికి తెలుస్తుంది. నీరు తగ్గిన ఏడాదికి, గూళ్లు తగ్గిన ఏడాదికి ఆ ఫొటోలే సాక్ష్యం. అధికారులకు అర్జీ పెట్టవలసి వచ్చినా అవే ఆధారం.